మాటల వెలివాడ

తెలుగువాళ్ళు రోజుకి యెన్నిసార్లు 'చండాలం' అంటారో యెవరైనా లెక్కపెట్టారా? కూరలో వుప్పెక్కువైతే చండాలం. సినిమా బాగాలేకపోతే చండాలం. బస్టాండులో మరుగుదొడ్డి చండాలం. వానపడి రోడ్డు బురదైతే చండాలం. అల్లుడు వేసుకొచ్చిన చొక్కా రంగు చండాలం. యింత పనికొచ్చే మాట తెలుగులో యింకోటి వుందా అనిపిస్తుంది. అనేవాళ్ళకి యెవర్నీ తిట్టినట్టుండదు. వినేవాళ్ళకీ యెవర్నో తిట్టారనిపించదు. ఆ మాట వొకప్పుడు మనుషుల పేరన్న సంగతి మరిచిపోయారు.

మేం మరిచిపోలేదు. మరిచిపోనిస్తే గదా!

మనుధర్మశాస్త్రం పదో అధ్యాయంలో వుంది చండాలుడి పుట్టుక. శూద్రుడికీ బ్రాహ్మణ స్త్రీకీ పుట్టినవాడట. పుట్టుకతో వూరుకోలేదు, బతుకు యెట్లా బతకాలో కూడా రాసిపెట్టారు. వూరి బయట వుండాలి. పగిలిన కుండల్లో తినాలి. శవాల మీది గుడ్డలు కట్టుకోవాలి. యినప నగలే పెట్టుకోవాలి. కుక్కలూ గాడిదలూ తప్ప వేరే ఆస్తి వుండగూడదు. రాత్రిపూట వూళ్ళోకి రాగూడదు. చదివితే యెవరో చూసి రాసిన వర్ణనలాగా వుండదు. తాసీల్దారు ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తర్వులాగా వుంటుంది.

అయిదో శతాబ్దం మొదట్లో చైనా నుంచి ఫాహియాన్ వచ్చాడు. అది గుప్తుల కాలం, స్వర్ణయుగం అని మాకు బళ్ళో బట్టీ పట్టించిన కాలం. ఆ స్వర్ణయుగంలో చండాలుడు పట్టణంలోకో అంగడిలోకో అడుగుపెట్టేటప్పుడు కర్రముక్క కొట్టుకుంటూ రావాలనీ, ఆ చప్పుడు విని జనం పక్కకి తప్పుకుంటారనీ ఫాహియాన్ రాసుకున్నాడు. చరిత్ర పాఠంలో ఫాహియాన్ వున్నాడు, ఆ కర్రముక్క లేదు. నేను చాలా యేళ్ళ తర్వాత, నా అంతట నేను పుస్తకాలు వెతుక్కుని చదివితే కనబడింది. మా చేతిలో పుల్ల అంత పాతదన్నమాట.

నేను ముప్ఫై వొక్క యేళ్ళు తెలుగు పంతులుగా చేశాను. వ్యాకరణం చెప్పుకుని బతికినవాణ్ణి కాబట్టి యీ మాట ప్రయాణం నాకు వ్యాకరణంలోనే కనబడుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో నామవాచకాలకి మహత్తు, అమహత్తు అని రెండు గంపలు వున్నాయి. మగమనుషులు మహత్తు. పశువులు, పక్షులు, రాళ్ళు రప్పలు అమహత్తు. చండాలుడు అన్నంతసేపూ వాడు మహత్తే. యెంత నీచంగా చూసినా వ్యాకరణం ప్రకారం మనిషే. ఆ 'డు' పీకేసి 'ము' తగిలించేసరికి అమహత్తులో పడ్డాడు. ఆ పైన 'గా' కూడా చేరింది. మనిషి పోయాడు, కంపు మిగిలింది. యిప్పుడు యే కూరకైనా అతికించొచ్చు.

నేను పనిచేసిన వొక బడిలో మధ్యాహ్నం పూట అందరం స్టాఫ్‌రూములో క్యారియర్లు విప్పుకునేవాళ్ళం. వొకాయన మూత తీసి, ముద్ద నోట్లో పెట్టుకుని, "అబ్బ, యెంత చండాలంగా వండిందయ్యా మా ఆవిడ" అన్నాడు. అని, నా వైపు చూసి, ముద్ద మింగి, "మిమ్మల్ని వుద్దేశించి కాదు మాస్టారూ" అన్నాడు. మిగతావాళ్ళు తలలు వంచుకుని తింటున్నారు. మాటకి అర్థం పోయిందంటారు గదా భాషాశాస్త్రం చదివినవాళ్ళు. పోతే ఆయన నా వైపెందుకు చూసినట్టు?

యిట్లాంటివి యింకా వున్నయ్. 'పింజారీ వెధవ' అని సినిమాల్లో పెద్దమనుషుల పాత్రలు తిడుతుంటాయి. పింజారి అంటే దూదేకేవాడు. విల్లు మీటి, ముక్కులోకీ గొంతులోకీ దూదిపీచు పోతుంటే, యింటింటికీ తిరిగి పరుపులు కుట్టిపెట్టిన ముస్లిం. ఆయన యేకిన దూది మీద రాత్రంతా పడుకుని పొద్దున్నే లేచి ఆయన పేరుతోనే తిట్టుకుంటారు. 'కిరస్తానం' వొకటి. "వాడివన్నీ కిరస్తానం పనులు" అంటే దుర్మార్గపు పనులని. క్రిస్టియన్ అన్న మాటే అట్లా నాలుక తిరిగింది. మా ఒంగోలు వైపు 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకి తీసుకుని మా వాళ్ళకి పనీ కూలీ యిచ్చాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ యేట్లో వొక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. యెక్కువమంది మాదిగలే. మా ముత్తవ్వ ఆ నీళ్ళలో మునిగిందని మా జేజి చెప్పేది. కరువులో గంజి పోసినవాడి మతం పేరు, గంజి పోయనివాడి నోట్లో తిట్టయింది. దీనికి శబ్దరత్నాకరం అక్కరలేదు.

యిక తోలు సంగతి. దీని దగ్గర కొంచెం ఆగాలి, యిది మా యింటి పని కాబట్టి.

'తోలు తీస్తా' అని పోలీసులంటారు, తండ్రులంటారు, హెడ్మాస్టర్లంటారు. వీళ్ళెవరూ జన్మలో తోలు తీసినవాళ్ళు కాదు. మా నాయన తీశాడు. తోలు తీయడం కోపంతో చేసే పని కాదు. చేతిలో కోపముంటే తోలు పాడవుద్ది. చచ్చిన గొడ్డుని నలుగురు మోసుకొచ్చాక, కడుపు కింద గీత పెట్టి, కత్తిని మాంసానికీ తోలుకీ నడుమ పొర వెంబడి పోనిస్తూ, పిడికిలితో నెట్టుకుంటూ వొలవాలి. వొక్కచోట కత్తి జారితే బొక్కపడుద్ది. బొక్కపడిన తోలు కపిల బానకి పనికిరాదు. ఆ తర్వాత సున్నం తొట్టిలో నానబెట్టాలి, బొచ్చు గీకాలి, కడగాలి. తంగేడు చెక్క దంచి నీళ్ళలో వేసి ఆ లందలో వూరబెట్టాలి. సంచిలాగా కుట్టి చెట్టుకి వేలాడదీసి ఆ నీళ్ళే మళ్ళీ మళ్ళీ పోయాలి. రోజుల తరబడి సాగే పని. వేళ్ళు పగిలి రక్తం కారేది. తంగేడు రసం పట్టి మా నాయన గోళ్ళు యెప్పుడూ యెర్రగా వుండేవి. సంబరానికి పెట్టుకున్న గోరింటాకనుకునేవాణ్ణి చిన్నప్పుడు.

ఆ తోలుతో యేం చేసేవాళ్ళు? చెప్పులు. యెద్దుల పలుపులకీ కొరడాలకీ వార్లు. అన్నిటికన్నా ముఖ్యంగా కపిల బానలూ తొండాలూ. కరెంటు మోటార్లు రాకముందు మెట్ట వూళ్ళల్లో బావి కింద పండిన ప్రతి గింజా మా తోలులోంచి పోసిన నీళ్ళు తాగి పండిందే. మేం ముట్టుకుంటే బావి మైలపడుద్ది. మేం కుట్టిన తోలు మాత్రం రోజూ ఆ బావిలో మునిగి తేలేది. దీన్ని గురించి మా నాయన యేమీ అనేవాడు కాదు. వొక్కోసారి వాళ్ళ గట్టు మీద కూచుని, బాన పైకొచ్చి తొండంలోంచి నీళ్ళు దూకుతుంటే చూసి నవ్వుకునేవాడు.

'చెప్పు తెగుద్ది' అని కూడా అంటారు. 'చెప్పు తెగేదాకా కొడతా' అంటారు. తెగితే కుట్టాల్సింది మేమే గదా, మాకొక పని తగిలేది. తమాషా యేందంటే, చెప్పులు కుట్టేవాడు వాటిని తొడుక్కుని పెద్ద బజార్లో నడవగూడదు. చంకలో పెట్టుకునో చేత్తో పట్టుకునో పోవాలి. మా తాత జీవితంలో యెన్ని జతలు కుట్టాడో గాని, పెద్ద బజారు దుమ్ము ఆయన చెప్పులకి యెన్నడూ అంటలేదు. పాదాలకే అంటింది.

'వెట్టిచాకిరి' అనే మాట యిప్పుడు యెవరు యెక్కువ వాడుతున్నారో గమనించండి. కంప్యూటర్ల ముందు కూచునే పిల్లలు. మా అల్లుడు హైదరాబాదులో ఆ వుద్యోగమే చేస్తాడు. "రాత్రి పదింటిదాకా వెట్టిచాకిరి చేయించుకుంటున్నారు మామయ్యా" అంటాడు. అతని కష్టం అబద్ధం కాదు, కళ్ళు గుంటలు పడ్డయ్. కాని నేను ఆ మాటని మొదట విన్నది వేరే చోట.

యెనిమిదో తరగతిలో ప్రకృతి వికృతుల పాఠం. సంస్కృతంలో వుంటే ప్రకృతి, తెలుగునోట్లో పడి అరిగితే వికృతి. అయ్యవారు వొక్కొక్కణ్ణీ లేపి అడుగుతున్నారు. నా వంతు వచ్చింది. "విష్టికి వికృతి యేందిరా?" నాకు తెలియలేదు. "వెట్టి! మీ తాత చేసేది" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆయన కొట్టలేదు, తిట్టలేదు, వుదాహరణ యిచ్చారంతే. ఆ పాఠం నేను జన్మలో మరిచిపోలేదు గాబట్టి మంచి ఉపాధ్యాయుడే అనుకోవాలి.

విష్టి అంటే కూలి యివ్వకుండా చేయించుకునే పని. రాజుల శాసనాల్లో వుంటుంది. క్రీస్తుశకం 150 ప్రాంతంలో రుద్రదాముడు జునాగఢ్‌లో రాయి మీద చెక్కించుకున్నాడు, జనం చేత విష్టి చేయించకుండా సుదర్శన తటాకం బాగుచేయించానని. చేయించనందుకు గొప్ప చెప్పుకున్నాడంటే, మిగతా రాజులు చేయించుకోవడం మామూలే అన్నమాట. ఆ విష్టి అరిగి వెట్టి అయింది. చాకిరి పారశీ మాట, తురుష్కుల కచేరీల్లోంచి వచ్చింది. అంటే వెట్టి వొక రాజుల భాష, చాకిరి యింకో రాజుల భాష. రాజులు మారినప్పుడు పాత మాట దిగి కొత్త మాట యెక్కలేదు. రెండూ కలిసి మా వీపు మీదే కూచున్నయ్.

తెలంగాణలో యిదే పనికి బేగారి అని పేరు. అదీ పారశీయే. అక్కడ చాలామంది మాలలకి అది యింటిపేరుగా మిగిలిపోయింది. రాజ్యాంగం 23వ అధికరణంలో నిషేధించినవాటిల్లో 'బేగార్' అని ఆ మాటే వుంది, ఇంగ్లీషు పాఠంలో కూడా. అంబేద్కర్ ఆధ్వర్యాన తయారైన ఆ పుస్తకంలో ఇంగ్లీషువాళ్ళ దగ్గర సరైన మాట దొరక్క మన మాటే పెట్టారనుకుంటే నాకు వొక రకమైన సంతోషం. 1950లో రాజ్యాంగం వచ్చింది, 1976లో వెట్టి రద్దు చట్టం వచ్చింది. 1984లో మునసబు కరణాల వ్యవస్థ పోయింది. వెట్టివాడి పని మాత్రం కొత్తకొత్త పేర్లు తగిలించుకుని ఆ పైన కూడా సాగింది.

ఆ వికృతుల పట్టికలోనే యింకో జంట వుంది: జీవితం – జీతం. బతుకే అరిగి జీతమైంది. మా తాతకి జీవితం వుంది, జీతం లేదు. కళ్ళాల కాలంలో యేడాదికోసారి మేర గింజలు కొలిచేవాళ్ళు. అందరూ యెత్తుకుపోయాక, అడుగున మట్టీ తాలూ కలిసినవి. తెలంగాణ పల్లెల్లో 'జీతం వుండడం' అంటే దొర యింట్లో పాలేరుగా చేరడం. 'జీతగాడు' అంటే అప్పు తీరేదాకా కదలలేనివాడు. అదే జీతం యిప్పుడు నెల మొదట్లో బ్యాంకులో పడుతున్నది. మాటలు కూడా మారుతున్నయ్, మనుషుల్లాగే, కొందరికి.

ట్రెయినింగుకి మొదటిసారి హైదరాబాదు పోయినప్పుడు అక్కడి తిట్లు విని నవ్వొచ్చేది. మా వైపు తిట్లలాగా వుండవు, సంగీతంలాగా వుంటయ్. 'లత్కోర్' అన్నది నాకు బాగా నచ్చింది. తోటి ట్రెయినీ వొకతను, పాతబస్తీ మనిషి, అర్థం చెప్పాడు. లాత్ అంటే తన్ను. ఖోర్ అంటే తినేవాడు. తన్నులు తినేవాడు లత్కోర్! అర్థం తెలిశాక నవ్వు పోయింది. తన్నినవాడికి తిట్టు లేదు, తిన్నవాడికే తిట్టు. 'బద్మాష్' అంతే. మాష్ అంటే జీవనాధారం. చెడ్డ జీవనాధారం వున్నవాడు బద్మాష్. అదే మొగలాయీల కాలంలో పండితులకీ ఫకీర్లకీ పన్నులేని భూములు యిచ్చి దాన్ని 'మదద్-ఎ-మాష్' అన్నారు, బతుకుదెరువుకి సాయమని. భూమి దొరికినవాడి మాష్ మంచిది. దొరకనివాడు బద్మాష్. తిట్లు యెవరి యింట్లో తయారవుతాయో దీన్నిబట్టి తెలియడం లేదా?

మా పేర్ల సంగతి చెప్పకుండా పోతే అన్యాయం. మమ్మల్ని యేమని పిలవాలన్నది యెప్పుడూ పక్కవాళ్ళ సమస్యే. నాలుగు వర్ణాల్లో లెక్కకి రాలేదని పంచములన్నారు. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ పెట్టుకున్నప్పుడు భాగ్యరెడ్డివర్మ అధ్యక్షత వహించి, మేం అయిదోవాళ్ళం కాదు, యీ నేలకి మొదటివాళ్ళం అని ఆది ఆంధ్ర మహాసభగా పేరు మార్పించాడు. మా తరం సర్టిఫికెట్లలో కొందరికి 'ఆది ఆంధ్ర' అని వుండేది అందుకే. 1933లో గాంధీగారు హరిజన పత్రిక పెట్టారు. హరిజనుడన్న మాట వూళ్ళల్లోకి వచ్చి మా గూడెం హరిజనవాడ అయింది. పేరు మారింది, బావి మారలేదు. కుల ధృవపత్రాల్లో ఆ మాట వాడొద్దని కేంద్ర ప్రభుత్వం 1982లో చెప్పాల్సి వచ్చింది. యీలోగా స్టాఫ్‌రూముల్లో కొత్త మాటలు పుట్టుకొచ్చాయి. 'గవర్నమెంటు అల్లుళ్ళు', 'గవర్నమెంటు బ్రాహ్మలు', 'కోటాగాళ్ళు'. యాసమాటలు యెట్లా పుడతయ్యో పుస్తకాల్లో వెతకనక్కరలేదు. నా ముందే, టీ గ్లాసుల మధ్య పుట్టడం చూశాను. యింకో వందేళ్ళకి యెవడో వొకడు కూర బాగాలేకపోతే 'కోటాగా వుంది' అంటాడేమో!

యిప్పుడు డప్పు. మా ప్రకాశం వైపు పలక అంటాం.

"సొంత డప్పు కొట్టుకోకు." "వాడు మంత్రిగారికి డప్పు కొడుతున్నాడు." "యీ సంగతి వూరంతా టాంటాం చెయ్యకు." "అత్తగారు బజారంతా దండోరా వేసింది." యివి లేకుండా పేపర్లో రాజకీయాలు రాయలేరు, పక్కింటి కబుర్లు చెప్పుకోలేరు. డప్పు అంటే పొగడ్త, గొప్పలు, రట్టు. డప్పు కొట్టినవాళ్ళం మేము. మాకు తెలిసి డప్పు యెవర్నీ పొగడలేదు. చావు చెప్పింది. పెళ్ళి నడిపింది. కొలుపుల్లో పోతురాజుని నిలబెట్టింది. చెరువు తెగితే లేపింది. పన్ను కట్టమంది, వేలం చాటింది. కుడిచేతిలో లావుపాటి సిర్ర, యెడమచేతిలో సన్నని చిటికెన పుల్ల. గడ్డిమంట వేసి పలక కాచితే తోలు బిగుసుకుని మోగుద్ది. దేనికి యే దెబ్బో విన్నవాళ్ళకి తెలుసు. పొలంలో వున్న మనిషి తల యెత్తకుండానే 'యెవరో పోయినట్టున్నారు' అనేది. మా తాత జీవితంలో యేనాడూ సొంత డప్పు కొట్టలేదు. కొట్టిందంతా పరాయి డప్పే.

డప్పుని తమిళంలో పఱై అంటారు. ఆ మాట నుంచే పఱైయర్ అనే కులం పేరు వచ్చిందని యెక్కువమంది పండితులు చెబుతారు. మద్రాసు రేవులో దిగిన తెల్లవాళ్ళు ఆ పేరు విన్నారు. పదిహేడో శతాబ్దం నాటికే వాళ్ళ రాతల్లోకి యెక్కింది. వీధికుక్క వాళ్ళకి 'పరయా డాగ్' అయింది, మన గద్ద 'పరయా కైట్' అయింది. అక్కణ్ణించి ఓడెక్కి యూరప్ పోయింది. 1821లో ప్యారిస్‌లో 'ల పారియా' అని నాటకం ఆడారు. జర్మన్ పండితుడు మాక్స్ వెబర్ యూదుల్ని పరయా జాతి అని రాశాడు. యిప్పుడు నలుగురూ దూరం పెట్టిన దేశాన్ని ఇంగ్లీషు పేపర్లు 'పరయా స్టేట్' అంటాయి. ఆ పేపర్లు రాసేవాళ్ళు పఱై యెన్నడూ విని వుండరు. వొక వాయిద్యం పేరు కులమై, కులం తిట్టై, తిట్టు ప్రపంచమంతా తిరిగి విద్యావంతుల మాటగా మళ్ళీ మన దగ్గరికే వచ్చింది. మన యెడిటర్లు దాన్ని 'వెలివేసిన దేశం' అని తర్జుమా చేస్తారు. సరిగ్గానే చేస్తారు, వాళ్ళకి తెలియకుండానే.

యింకో వింత చెబుతాను. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో, 21వ ఆర్డరు 54వ రూలు కింద, స్థిరాస్తి జప్తు అయితే ఆ వుత్తరువుని ఆస్తి దగ్గర డప్పు కొట్టి గాని, వాడుకలో వున్న యింకో పద్ధతిలో గాని చాటాలని వుంది. కోర్టు వుంది, జడ్జి వున్నాడు, స్టాంపులు, లక్క ముద్రలు వున్నాయి. అన్నీ వున్నా పొలం గట్టు మీద మాదిగ పుల్ల పడితేగాని ఆ కాగితం నోరు తెరవదు. సెంటు భూమి లేనివాడి చప్పుడుతో యెకరాల కొద్దీ భూములు చేతులు మారినయ్.

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. వాళ్ళు దానికి పెట్టుకున్న పేరు దండోరా. నాయకుడు మంద కృష్ణ తన పేరు చివర మాదిగ అని పెట్టుకున్నాడు. ఆ తర్వాత వందలమంది పెట్టుకున్నారు. వర్గీకరణ మీద మాల మాదిగల మధ్య తగువు పెద్దది. 2000లో చట్టం వచ్చి, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసి, 2024 ఆగస్టు 1న అదే కోర్టు రాష్ట్రాలు వర్గీకరించుకోవచ్చని చెప్పిందాకా దాని కథ దానికుంది. దాని జోలికి యిక్కడ పోను. మాట సంగతే చెబుతున్నాను. 'మాదిగోడా' అని కేకేస్తే తలొంచుకునిపోయే మనిషి, ఆ మాటని కేకేసినవాడి నోట్లోంచి లాక్కుని తన సంతకంలో పెట్టుకున్నాడు. స్టాఫ్‌రూములో రిజిస్టరులో అట్లా సంతకం చేసిన కుర్ర మాస్టారొకాయన మా బడికి బదిలీ మీద వచ్చాడు. హాజరు పిలవాల్సిన రోజున మా హెడ్మాస్టరుకి గొంతులో యేదో అడ్డంపడినట్టయింది. అన్నాళ్ళూ ఆ మాట వీధిలో సునాయాసంగా అన్న నోరే! మర్యాదగా అనాల్సి వచ్చేసరికి రాలేదు.

2016 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో హాస్టళ్ళ నుంచి గెంటేసిన దళిత విద్యార్థులు క్యాంపస్ నడిబొడ్డున డేరా వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. వెలి అంటే బయట. వూరికి బయట వున్నవాళ్ళ పాత చిరునామా అది. ఆ డేరా వేసినవాళ్ళల్లో వొకడైన రోహిత్ వేముల 17వ తారీఖున ప్రాణం తీసుకున్నాడు. అప్పటిదాకా ఆ మాట యెరగని ఢిల్లీ పేపర్లు దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం నేర్చుకున్నాయి.

మా తాత చాటింపు యిప్పటికీ నా చెవుల్లో వుంది. కాలేజీ పిల్లలు యెగతాళికి అంటుంటారే, "యిందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని, ఆ వాక్యం మా తాతది. కరణం వొక్కసారి చదివి వినిపించేవాడు. కాగితం యిచ్చినా ఆయనకి చదవడం రాదు. 'యావన్మంది' అంటే యేమిటో, 'తత్సంబంధిత' అంటే యేమిటో తెలియదు. అయినా అక్షరం పొల్లుపోకుండా పట్టుకుని పెద్ద బజారు మూడు మలుపుల్లోనూ నిలబడి చెప్పేవాడు. ఆ వూళ్ళో అంత శుద్ధ గ్రాంథికం నోటితో మాట్లాడేవాడు ఆయనొక్కడే. బడి గడప తొక్కనివ్వలేదు గాని, బడిపంతులు రాయగల భాషంతా ఆయన గొంతులోంచే వూరికి చేరేది. అరుగు మీద కూచున్న పదేళ్ళ పిల్లాడు "ఒరే, యింకోసారి చెప్పరా" అంటే "అట్టాగే బాబుగారూ" అని మళ్ళీ మొదట్నించీ కొట్టి మళ్ళీ చెప్పేవాడు.

మూడు మలుపులూ అయ్యాక చీకటిపడి మా గూడేనికి వచ్చేవాడు. ఆఖరి చాటింపు మాకే. అక్కడ పలక కొట్టేవాడు కాదు. చంకలో యిరికించుకుని, రావిచెట్టు కింద నిలబడి, మామూలు గొంతుతో చెప్పేవాడు.

"యేం లేదమ్మా. శిస్తు కట్టకపోతే పొలాలు యేలం యేస్తారంట. మనకి పొలం లేదుగా. పొయ్యి పడుకోండి."